గానుగ నూనె మంచిదే, కానీ బీపీ మాత్రకు బదులు కాదు



పైన ఉన్న వీడియోలో నేనన్న ఒక మాట వెనక్కి తీసుకున్నాను. పోయిన సంవత్సరం గానుగ దగ్గర నిలబడి "మన నూనె వాడితే గుండెకు ఢోకా లేదు" అని చెప్పాను. తప్పు చెప్పాను. ఆ మాట ముందుగా నమ్మింది మా నాన్నే. "మందుల్లేని తిండి తింటున్నాం, మళ్లీ ఈ మాత్రలెందుకురా" అని బీపీ మాత్రలు మానేశారు. నాలుగు నెలలకు పక్షవాతం వచ్చింది. ఇప్పుడు కుడి చెయ్యి సరిగ్గా లేవదు. ఆవుకు మేత వెయ్యాలన్నా ఇంకొకరు కావాలి.

పొలంలో పురుగుమందు మానడం మంచి పనే, అందులో అనుమానం లేదు. కానీ గుండెకు, రక్తనాళాలకు ముప్పు తెచ్చేవి వేరే ఉన్నాయి. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగాకు, పొట్ట చుట్టూ కొవ్వు, పైబడే వయసు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉండడం. ప్రకృతి వ్యవసాయం చేస్తున్నామని ఇవి మనల్ని వదిలిపెట్టవు.

మన ఇళ్లే చూద్దాం. ఆవకాయలో మామిడి మన తోటదే అయినా ఉప్పు ఉప్పే. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు కలిస్తే అది దాటడం ఎంతసేపు? బెల్లం రసాయనాలు లేనిదైనా షుగర్ ఉన్నవాళ్లకు అదీ చక్కెరతో సమానమే. గానుగ నూనెలోనూ, రిఫైన్డ్ నూనెలోనూ చెంచాకు కొవ్వు ఒక్కటే. దొడ్లో పండిన పొగాకుతో చుట్టుకున్న చుట్ట కూడా రక్తనాళాలను పాడుచేస్తుంది.

"రోజంతా పొలం పని చేస్తాం, మాకేమవుతుంది" అంటారు. ఒళ్లు వంచి పనిచేస్తే మేలే. కానీ బీపీ చాలామందిలో ఏ నొప్పీ లేకుండానే ఉంటుంది, కొలిస్తేనే తెలుస్తుంది. పంట పెట్టే ముందు మట్టి పరీక్ష చేయించమని డిప్లొమాలో మాకు నేర్పారు. నేలకు చేయిస్తున్నాం, మనమే చేయించుకోవడం లేదు.

30 ఏళ్లు దాటినవాళ్లు ఊళ్లో ఏఎన్ఎం దగ్గరకు వెళ్లి బీపీ, షుగర్ చూపించుకోండి. మాత్రలు వాడుతుంటే డాక్టరును అడక్కుండా ఆపొద్దు.

మా నూనె డబ్బాల మీద "గుండెకు రక్ష" అన్న అక్షరాలు తీసేశాం. అమ్మకం కొంచెం తగ్గింది. తగ్గనివ్వండి. మీలో ఎవరైనా నా పాత మాట విని మాత్రలు మానేసి ఉంటే, ఈరోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి.