రాతిలోని కచేరి

రాయదుర్గము 1953 వరకు బళ్లారి జిల్లాలో నుండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో అనంతపురము జిల్లాలో చేరినది. విజయనగర శిల్పుల రంగమండపములు రెండు ఈ పట్టణమునకు అందుబాటులోనే కలవు. బళ్లారి మీదుగా పోయినచో హంపి విఠలాలయ మండపము. పెనుకొండ మీదుగా పోయినచో లేపాక్షి వీరభద్రాలయ నాట్యమండపము. పాఠశాలల విహారయాత్ర అనగానే ఈ రెండు పేర్లు వినవచ్చుట సహజము. కరవుసీమ తల్లిదండ్రులు కూడబెట్టి యిచ్చిన సొమ్ముతో సాగు ఆ ప్రయాణములో పిల్లలు దేనిని చూచి వచ్చుచున్నారన్నది ఆలోచింపదగిన విషయము.

అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు లేపాక్షి ఆలయమును విస్తరింపజేసిరి. అందలి నాట్యమండపము నడిమి స్తంభములపై ఒక నిండు కచేరి కొలువై యున్నది. రంభ నాట్యమాడుచుండును. మూడు కాళ్ల భృంగి ఆమెకు నాట్యాచార్యుడు. బ్రహ్మ మద్దెల వాయించును. తుంబురుడు వీణ పట్టును. నందికేశ్వరుడు హుడుక్క మ్రోగించును. వాద్యగాండ్రను గోడకు అలంకారముగా అతికింపక, శిల్పి వారి చేతనే మండపపు కప్పును మోయించినాడు. పైన విరిసిన పద్మము క్రింద ఆ నడిమి చోటు నర్తకి కొరకు విడిచినట్లుండును.

ఇంతటి సభలో అడుగిడిన వారిలో పెక్కురు మూలనున్న వ్రేలాడు స్తంభమును వెదకుదురు. దాని అడుగున గుడ్డను జార్చి, ఫోటో తీసికొని మరలుదురు. హంపిలోనిది మరియు విచారకరము. విఠలాలయ మండపపు 56 స్తంభములు తట్టిన స్వరము పలుకునని ప్రసిద్ధి. ఆ వింతకై వచ్చిన వారెల్లరు తట్టుచుండుటచే రాళ్లకు హాని కలుగగా, వానిని తాకుట నిషేధింపబడినది. వింతను చూచుటకు క్షణము చాలును. కళను చూచుటకు కొంత సిద్ధత కావలెను.

ఇందుకు ఈ జిల్లాలోనే నిదర్శన మున్నది. అన్నమయ్య కీర్తనలు రాగిరేకులపై రాగనామములతో నున్నను, స్వరములు లేక మూగవోయి యుండెను. రాళ్లపల్లి గ్రామమున జన్మించిన అనంతకృష్ణశర్మగారు (1893–1979) వానిలో పెక్కింటికి స్వరరచన చేసిరి. సంగీత మెఱిగిన వాడు చూచినప్పుడే రేకు పాడినది. రాయియు నంతే.

కావున యాత్రకు ముందే ఉపాధ్యాయుడు ఊరిలోని మృదంగ విద్వాంసునో, భజన మండలి తాళగానినో తరగతికి పిలువవలెను. చర్మముపై వ్రేళ్లు పడు తీరు చూచిన బాలునికి లేపాక్షి బ్రహ్మ చేతులు ఏమి చేయుచున్నవో వేరుగ చెప్ప నక్కరలేదు. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క స్తంభము నప్పగించి, వాద్యమేది, కాలి నిలుకడ యెట్టిది, చూపు ఎటువైపున్నదని వ్రాసికొని రమ్మనవచ్చును. దుస్తులు కుట్టు కుటుంబములు గల రాయదుర్గమున లతామండపపు స్తంభములపై నున్న అల్లికలు మరింత పనికివచ్చు పాఠము. చీర అంచులకు ఆ నమూనాలు నేటికిని ఎత్తుకొనబడుచున్నవి.

హంపి 1986లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. లేపాక్షి 2022లో తాత్కాలిక జాబితా కెక్కినది. ఈ గౌరవములు రాళ్లకు రక్షణ నీయవచ్చును గాని, చూచువానికి కన్ను నీయజాలవు. ఆ పని బడిదే. దానికి వలసినది తిరుగు ప్రయాణమునకు ముందు ఆ మండపములో ఒక గంట నిశ్శబ్దముగా కూర్చుండు ఓపిక మాత్రమే.