గుడ్డికన్నా మెల్ల

2010 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు ఒబామా ఒహాయో రాష్ట్రానికి వెళ్తూ, తన విమానంలో ప్రతినిధుల సభ సభ్యుడు డెనిస్ కుసినిచ్‌ను వెంటబెట్టుకెళ్లారు. ఇద్దరిదీ డెమోక్రటిక్ పార్టీయే. అయినా ఒబామా ఆరోగ్య బీమా బిల్లుకు అంతకు నాలుగు నెలల ముందు కుసినిచ్ వ్యతిరేకంగా ఓటేశారు. బిల్లు హద్దు మీరిందని కాదు, ఏ మూలకూ చాలదని! అందరికీ ప్రభుత్వమే బీమా ఇవ్వాలన్నది ఆయన ఏళ్ల తరబడి పట్టుబట్టిన మాట. ఈ బిల్లేమో ప్రైవేటు కంపెనీలను ఉండనిచ్చి, ముకుతాడు వేస్తే చాలనుకుంది. ఆనాటి ఒహాయో సభలో జనంలోంచి ఎవరో బిల్లుకు ఓటెయ్యమని కేకేస్తే, ‘విన్నావా, డెనిస్?’ అన్నారు ఒబామా.

అమెరికా ఉదారవాదులకూ ప్రగతివాదులకూ నడుమ గీత ఇక్కడే ఉంది. పౌరహక్కులు, వ్యక్తి స్వేచ్ఛ, పేదకు సర్కారు ఆసరా... వీటిపై వారికి పెద్దగా పేచీ లేదు. ఉన్న వ్యవస్థను బాగుచేసుకుంటూ, కలిసొచ్చేవారిని కలుపుకొని, దొరికినంత దక్కించుకుందామంటారు ఉదారవాదులు. గుడ్డికన్నా మెల్ల మేలన్నది వారి లెక్క. వ్యవస్థే డబ్బున్నవారి గుప్పిట్లో ఉంటే పైపై మరమ్మతులతో ఒరిగేదేమిటంటారు ప్రగతివాదులు. మెల్లతో సరిపెట్టుకుంటే ఇక చూపు ఊసే ఎవరూ ఎత్తరని వారి భయం. అది ఉత్త భయం కాదు. ప్రైవేటు కంపెనీలకు పోటీగా ప్రభుత్వ బీమా కూడా ఉండాలన్న ప్రతిపాదన సెనేట్‌లో ఓట్లు చాలక బిల్లులోంచి జారిపోయింది. జాతీయ స్థాయిలో ఇన్నేళ్లయినా అది చట్టం కాలేదు.

పేర్ల తగవు వేరే ఉంది. 1988 ఎన్నికల్లో పెద్ద బుష్ తన ప్రత్యర్థి డుకాకిస్‌ను ఉదారవాది అంటూ ఎత్తిపొడిచారు. తర్వాత తర్వాత ఎందరో ఉదారవాదులు ప్రగతివాదులమని చెప్పుకోసాగారు. 2016లో హిల్లరీ క్లింటన్, బెర్నీ శాండర్స్ అసలు ప్రగతివాది ఎవరని చర్చా వేదికపైనే వాదులాడుకున్నారు. దానివల్ల ఒక్క రోగికీ మందు బిళ్ల దొరకలేదు.

మళ్లీ 2010కి వస్తే, కుసినిచ్ మార్చి 17న మనసు మార్చుకుని బిల్లుకు ఓటేస్తానన్నారు. బిల్లుపై తన అభ్యంతరాలు మాత్రం వదులుకోనని చెప్పారు. 21న ప్రతినిధుల సభలో 219-212 ఓట్లతో బిల్లు గట్టెక్కింది. ఆయన చేసింది సరైన పని. పాత జబ్బుందన్న సాకుతో బీమా నిరాకరించే వీలు కంపెనీలకు లేకుండా పోయింది. పిల్లలు 26 ఏళ్లు నిండేదాకా తల్లిదండ్రుల బీమాలో ఉండవచ్చు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంకా చదువుకుంటున్న పిల్లలకూ ఈ నీడ దొరికింది. అలాగని, ఇది చాలదంటూ నిలదీసేవారిని మొండివారని తోసిపుచ్చడం అన్యాయం. వారు అడగడం మానేస్తే ఉన్నది కూడా నిలవదు.

అమెరికాలో ఓటున్న మన తెలుగువారికి ఒక విన్నపం. అభ్యర్థి ఏ వాదినని చెప్పుకుంటున్నారో అడగకండి, ఏ బిల్లుకు ఎటు ఓటేశారో చూడండి. ఆ లెక్క చాలావరకు సభ రికార్డుల్లో పేరుపేరునా ఉంటుంది.