రెండవసారి ఇస్తాంబుల్: తొందర లేని వసంతం

 

ఉమ్రా నుండి తిరిగి వస్తూనో, గల్ఫ్ దేశాలలో ఉన్న పిల్లల వద్దకు వెళ్లినప్పుడో ఇస్తాంబుల్ నగరాన్ని ఒకసారి చూసి వచ్చిన కుటుంబాలు మనలో ఉన్నాయి. వారిలో ఎవరైనా వసంతంలో మరొకసారి వెళ్లాలని తలపోస్తే, ‘చూసిన ఊరినే మళ్లీ చూడటం దుబారా కాదా?’ అని ఇంటి పెద్దలు అడగడం సహజం. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మనం ప్రయాణించే తీరులో ఉన్నది.

మొదటి ప్రయాణం సాధారణంగా పరుగులతో గడిచిపోతుంది. అయా సోఫియా, సుల్తాన్ అహ్మద్ మస్జిదు, తోప్‌కాపీ ప్రాసాదం, పెద్ద బజారు. ఇన్నింటినీ మూడు రోజులలో ముగించాలి. ఆ పరుగులో మోకాళ్ల నొప్పులున్న తల్లి బస్సులోనే కూర్చుండిపోతుంది. పిల్లలకు ఫొటోలు మిగులుతాయి. రెండవసారి వెళ్లేవారికి ఆ జాబితా లేదు. అందుచేత ఆ ప్రయాణాన్ని పెద్దల నడకకు తగినట్లుగా మలచుకోవచ్చు.

అందుకు తగిన కాలం ఏప్రిల్ ఆరంభం నుండి మే నడిమి వరకు. మన వద్ద ఎండలు మండిపోయే ఆ రోజులలో అక్కడ పగలు సుమారు 15 నుండి 20 డిగ్రీలు మాత్రమే ఉంటుంది. సాయంకాలం గాలి చలిగా వీస్తుంది కనుక పెద్దలకు ఒక శాలువా, పిల్లలకు ఒక స్వెట్టరు తప్పనిసరి. అప్పుడప్పుడు చిరుజల్లు కూడా పడుతుంది.

ఏప్రిల్‌లో నగర ఉద్యానవనాలన్నీ తులిప్ పూలతో నిండుతాయి. ఉర్దూ కవులు మనకు ‘లాలా’ అని పరిచయం చేసిన పువ్వును తుర్కులు ‘లాలే’ అంటారు. బోస్ఫరస్ జలసంధి ఒడ్డున గల ఎమిర్‌గాన్ వనం ఈ పూలకు ప్రసిద్ధి. ఈజిప్టు పాలకుడైన ఖదీవ్ ఇస్మాయీల్ పాషా పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడ నిర్మించిన పసుపు, గులాబీ, తెలుపు భవనాలు నేటికీ ఉన్నాయి. కాలినడకన వెళ్లేవారికి రుసుము లేదు. ఆదివారం జనసమ్మర్దం ఎక్కువ, తీర రహదారిపై వాహనాలు కదలవు. పనిదినాన ఉదయమే వెళితే పూల నడుమ బెంచీపై పెద్దలు ప్రశాంతంగా కూర్చోగలుగుతారు. దిగువన నీటి ఒడ్డున మొదటి అబ్దుల్ హమీద్ సుల్తాన్ కట్టించిన మస్జిదు ఉన్నది. దాని పక్కనే చినార్ చెట్ల నీడలో టీ దొరుకుతుంది. జొహర్ నమాజుకు ముందు వెళితే అస్ర్ వరకు అక్కడి నుండి లేవబుద్ధి కాదు.

ఈ పువ్వుకు అరబీ లిపితో ఒక బంధం ఉన్నది. లాలే అన్న పదంలోని అక్షరాలే అల్లాహ్ నామంలోనూ, నెలవంకను సూచించే ‘హిలాల్’ పదంలోనూ ఉన్నాయి. అబ్జద్ లెక్కలో మూడింటి విలువా 66. అందుకే ఉస్మానీ కళాకారులు మస్జిదుల పలకలపై, పుస్తకాల అట్టలపై ఈ పువ్వును అంత ప్రీతితో చిత్రించారు. ఇది అక్షరాల అందమే గాని ధర్మశాస్త్ర విషయం కాదు.

అదే పువ్వు ఒక హెచ్చరికను కూడా వినిపిస్తుంది. మూడవ అహ్మద్ సుల్తాన్ పాలనలో 1718 నుండి 1730 వరకు గల కాలాన్ని చరిత్రకారులు ‘లాలే యుగం’ అంటారు. అరుదైన దుంపల ధరలు ఎంతగా పెరిగాయంటే, ప్రభుత్వమే ధరల పట్టికలు ప్రకటించవలసి వచ్చింది. ఒకవైపు ఉద్యానవనాలలో విందులు, మరొకవైపు యుద్ధ నష్టాలతో, పన్నులతో నలిగిన సామాన్యులు. చివరకు 1730లో పత్రోనా ఖలీల్ తిరుగుబాటు చెలరేగి, మంత్రి ఇబ్రాహీం పాషా ప్రాణం పోయింది, సుల్తాన్ సింహాసనం పోయింది. ఇందులో పువ్వు చేసిన నేరం లేదు. ఇరుగుపొరుగు ఆకలిని మరిచిన వేడుకే నేరం. దుబారా గురించి అడిగే పెద్దల మాట వెనుక ఉన్న భయం ఇదే.

ఏప్రిల్ చివర తులిప్‌లు రాలే వేళకు బోస్ఫరస్ కొండవాలులపై ఎర్గువాన్ చెట్లు పూస్తాయి. ఆకుల కంటే ముందే కొమ్మల నిండా ఊదా గులాబీ రంగు పూలు! మనం ‘అర్గవానీ’ అనే రంగుకు పేరు ఇచ్చినది ఈ చెట్టే. వీటిని చూడటానికి ఉత్తమ స్థానం ప్రయాణికుల ఓడ పైఅంతస్తు. నగర రవాణా కార్డుతోనే ఎక్కవచ్చు. ఎమినోను రేవు నుండి ఉస్కుదార్‌కు దాటడానికి ఎక్కువ సమయం పట్టదు. సన్న నడుము గాజు గ్లాసులో టీ, నువ్వులద్దిన సిమిత్ రొట్టె ఓడలోనే లభిస్తాయి. ఆ రోజులలో దక్షిణాది నుండి తిరిగి వచ్చే కొంగల గుంపులు ఆకాశంలో కనబడవచ్చు. ప్రతి ఏటా దక్షిణానికి వెళ్లి వస్తాయి కనుక తుర్కులు వాటిని ముద్దుగా ‘హాజీ’ అని పిలుస్తారు. ఈ సంగతి చెబితే పిల్లలు ఫోను దించి ఆకాశం చూస్తారు.

ఉస్కుదార్‌లో దిగిన తరువాత ఎక్కువ నడవనక్కరలేదు. నీటి అంచునే మహాశిల్పి సినాన్ నిర్మించిన షంసీ పాషా మస్జిదు ఉన్నది. చిన్నది, ప్రశాంతమైనది. సమీపంలోని యెని వాలిదే మస్జిదు గోడలపై పక్షుల కోసం రాతితో చెక్కిన చిన్న చిన్న గూళ్లను పిల్లలకు తప్పక చూపించండి. పిచ్చుకకు కూడా ఆశ్రయం కల్పించిన ఆ నిర్మాతల హృదయాన్ని పాఠ్యపుస్తకం కంటే ఆ గూడే స్పష్టంగా చెబుతుంది.

మరొక రోజును సులైమానియా కోసం కేటాయించండి. 1557లో పూర్తయిన ఆ మస్జిదు చుట్టూ మదర్సాలు, వైద్యశాల, అన్నసత్రం ఒకే సముదాయంగా నిర్మించబడ్డాయి. ఎదుటి వీధిలో ఎండు చిక్కుడు గింజల కూర, అన్నం వడ్డించే సాదా భోజనశాలలు ఉన్నాయి. తిన్న తరువాత మస్జిదు వెనుక ఆవరణలో నుండి బంగారు కొమ్ము జలాలను చూస్తూ కూర్చోవచ్చు. వసంతంలో వీధి బండ్లపై పచ్చి ఆలూచా కాయలు వస్తాయి. పచ్చి మామిడి ముక్కను ఉప్పుతో తినే మనకు ఆ పులుపు పరాయిది కాదు.

హైదరాబాదు వాసులకు ఆ నగరంతో మరొక బంధుత్వం ఉన్నది. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రె షెహ్వార్, ఉస్మానీ వంశానికే చెందిన నీలోఫర్, ఇద్దరూ ఇస్తాంబుల్‌లో జన్మించినవారే. 1924లో ఖిలాఫత్ రద్దయినప్పుడు బాల్యంలోనే దేశం విడిచారు. 1931లో నిజాం కుమారులను వివాహమాడి మన గడ్డకు కోడళ్లై వచ్చారు. వారి పేర్లతో వెలసిన ఆసుపత్రులలో మన తల్లులు, పిల్లలు నేటికీ చికిత్స పొందుతున్నారు. ఆ వంశపు స్త్రీలకు 1952 వరకు, పురుషులకు 1974 వరకు స్వదేశ ప్రవేశం లేదు. పుట్టిన ఊరి వసంతాన్ని చూడటానికి కూడా వారికి అనుమతి లేకపోయింది. మనకో, చూసిన ఊరికి మళ్లీ వెళ్లే వీలున్నది. ఆ వీలు ఒక అనుగ్రహం. అనుగ్రహానికి లెక్క చెప్పవలసి ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

కనుక వెళ్లదలచినవారికి నాలుగు మాటలు. అప్పు చేసి వెళ్లవద్దు. విమాన ఛార్జీయే పెద్ద ఖర్చు కాబట్టి, జకాత్, బంధువుల హక్కులు తీర్చిన తరువాతే టిక్కెట్టు కొనండి. రోజుకు ఒక్క చోటు చాలు. మొదటిసారి బస్సులో కూర్చుండిపోయిన అమ్మను, ఇంటివద్దే ఉండిపోయిన అత్తయ్యను ఈసారి వెంట తీసుకువెళ్లండి, వారి నడకనే మీ నడకగా చేసుకోండి. అలా వెళ్లిన ప్రయాణాన్ని దుబారా అనడానికి నాకు నోరు రాదు. అల్లాహ్ మీ ప్రయాణాలను సులభతరం చేయుగాక! ఆమీన్.