నాడి చెప్పనిది రోగినే అడగండి

గోల్నాకలోని మా వైద్యశాలకు కొంతకాలం క్రిందట విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి ఒక యువ పరిశోధకుడు వచ్చాడు. చేతిలో ప్రశ్నల కాగితాలున్నాయి. "అయ్యా, చికిత్స తరువాత మీ రోగులు ఎలా జీవిస్తున్నారో కొలవాలని ఉందండి" అన్నాడు. "సుఖదుఃఖాలను తక్కెడలో తూచుతావా నాయనా?" అని నవ్వాను. "మీరు అనుమతిస్తే అడిగి చూస్తానండి" అన్నాడు వినయంగా.

ఆనాడు వచ్చినవారిలో సంధివాతంతో రెండేళ్లుగా నావద్ద మందు పుచ్చుకుంటున్న ఒక తల్లి ఉంది. మోకాళ్ల వాపు తీసింది, నొప్పి తగ్గింది. గుణం కనిపించిందని నా పుస్తకంలో వ్రాసుకున్నాను. ఆమె చెప్పిన సమాధానాలు విని సిగ్గుపడ్డాను. నేలమీద కూర్చోలేనన్న బిడియంతో ఏడాదిగా పేరంటాలకు పోవడం మానివేసిందట. రాత్రివేళ లేవవలసి వస్తుందన్న భయంతో సాయంత్రం నుండి మంచినీళ్లు తాగదట. నేనెన్నడూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

రోగి జీవన నాణ్యతను కొలిచే ఈ విద్య నేడు బాగా పెరిగింది. రోగం లేకపోవడం మాత్రమే ఆరోగ్యం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి 1948 నుండి చెబుతున్నది. ఆ సంస్థ రూపొందించిన 26 ప్రశ్నల పట్టిక శరీరం, మనస్సు, బాంధవ్యాలు, పరిసరాలు అనే నాలుగింటిని విచారిస్తుంది. మన హైదరాబాదులోనే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు చూపు మందగించిన బడిపిల్లల కోసం 19 ప్రశ్నల పట్టికను తయారుచేసి 2003లో ప్రకటించారు. నల్లబల్ల మీది అక్షరాలు, బస్సు నంబరు వంటి నిత్యవ్యవహారాలే అందులోని ప్రశ్నలు.

"ఇది మనకు కొత్తేమీ కాదు" అని మా వైద్యులు కొందరంటారు. నిజమే. ఆయుర్వేదాన్ని నిర్వచిస్తూ చరకుడు హితాయువు, అహితాయువు, సుఖాయువు, దుఃఖాయువులతోపాటు ఆయువు యొక్క మానాన్నీ పేర్కొన్నాడు. దోషాగ్నిధాతువులు సమంగా ఉండటంతోపాటు ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉన్నవాడే స్వస్థుడన్నాడు సుశ్రుతుడు. కాని శ్లోకం కంఠస్థమైనంత మాత్రాన కర్తవ్యం తీరదు. రోగి ప్రసన్నతను విచారించి, వ్రాసి, మరల పోల్చి చూసినవారు మనలో ఎందరు? నేను చూడలేదు.

అయితే పరదేశపు ప్రశ్నలను యథాతథంగా దింపుకోరాదు. అమెరికాలో పుట్టిన 36 ప్రశ్నల పట్టిక గోల్ఫు ఆడగలరా అని అడుగుతుంది! మన ఇళ్లలో అడగవలసింది బాసిపట్టు వేసుకొని భోంచేయగలరా, నీళ్ల బిందె ఎత్తగలరా అని. మరొక సంగతి: కొడుకూ కోడలూ ఎదుట ఉండగా ఏ పెద్దామె అయినా "బాగానే ఉన్నానండి" అనే చెబుతుంది. ఒంటరిగా అడగాలి.

పాఠకులకు నా సూచన ఒకటి. చికిత్స ఆరంభించే ముందు నిద్ర, ఆకలి, సొంత పనులు చేసుకొనే శక్తి, నలుగురితో కలయిక, మనోల్లాసం అనే ఐదింటికి పదేసి మార్కులకు మీకు తోచినన్ని వేసి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. నలభై రోజులకు మరల వేసి, రెండూ మీ వైద్యునికి చూపండి. అట్లని పరీక్షలు మానరాదు. మధుమేహం, రక్తపోటు హాయిగా ఉన్నవానిలో కూడా లోలోపల పెరుగుతాయి. అంకెలు రెండూ కావాలి.

ఆ తల్లికి నేను మందు మార్చలేదు. పేరంటంలో కుర్చీ అడగడం తప్పు కాదని చెప్పి, రాత్రి మంచం ప్రక్కన దీపం, చేతికర్ర పెట్టించాను. మొన్న శ్రావణంలో ఆమె మా ఇంటికి వాయనం తెచ్చింది.