లైకులు ఎనిమిది వందలు, అప్పీలు సున్నా

పోస్టు పెద్దదే, ఓపిక చేసుకొని చదవండి. తిట్టాలనిపిస్తే పూర్తిగా చదివాకే తిట్టండి.

పోయినేడాది మా పెదనాన్న పోడు భూమి క్లెయిమును డివిజన్ స్థాయి కమిటీ తిరస్కరించింది. మూడెకరాల చిల్లర. మా తాత రాళ్లు ఏరి గట్టు పోసిన నేల. చేతిలో పెట్టిన కాగితంలో ఒకటే ముక్క, "తగిన ఆధారాలు లేవు" అని. నాకు ఒళ్లు మండిపోయింది. హాస్టల్లో కూర్చొని రాత్రి రెండింటి దాకా రాశాను. బ్రిటిష్ వాడి దగ్గర మొదలుపెట్టి ఇప్పటి ఆఫీసర్ల దాకా ఎవర్నీ వదల్లేదు. ఆ కాగితం ఫోటో కూడా పెట్టాను. ఎనిమిది వందల లైకులు. "అగ్గి పెట్టావు తమ్ముడూ" అని కామెంట్లు. వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

రెండున్నర నెలల తర్వాత మన సీనియర్ అక్క ఒకామె ఫోన్ చేసింది. "అప్పీలు వేశారా?" అని అడిగింది.

వేయలేదు. జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవడానికి 60 రోజుల గడువు. ఆ ఫోటో కింద నేను లైకులు లెక్కపెట్టుకుంటుండగానే ఆ గడువు దాటిపోయింది. పెదనాన్నకు చదువు రాదు. ఇంట్లో చదువుకున్నోణ్ని నేనే. ఆయన ఆ కాగితం నా చేతికిచ్చింది ఫోటో తీసి పెట్టమని కాదు గదా.

నా ఒక్కడి సంగతైతే ఇంత రాసేవాణ్ని కాదు. మనందరం ఇదే చేస్తున్నాం. డోలీలో గర్భిణిని మోసుకెళ్తున్న ఫోటో వస్తే రెండు రోజులు గ్రూపు ఊగిపోతుంది. ఆ ఊరికి రోడ్డు ఎక్కడ ఆగింది, డబ్బులు లేకా, అటవీ అనుమతి రాకా, కాంట్రాక్టరు వదిలేసి పోయాడా, ఎవరం కనుక్కోం. మూడో రోజు ఇంకో ఫోటో. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసినప్పుడు కూడా అంతే. ఏజెన్సీ టీచరు పోస్టులు మనకే అన్న జీవో పోయిందని అందరం ఏడ్చాం, తిట్టాం. తీర్పు తెరిచి ఎందుకు కొట్టేశారో చదివినోళ్లు ఎంతమంది? నేనూ చదవలేదు అప్పుడు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. విమర్శ మానేయండి అనట్లేదు. అలా చెప్పే బ్యాచ్ వేరే ఉంది. టీషర్టులు పంచి, మొక్కలు నాటి, "పాజిటివ్‌గా ఆలోచించండి, ప్రభుత్వాన్ని తప్పుపట్టకండి" అని నీతులు చెప్పి పోతారు. వాళ్లకీ నాకూ పడదు. తప్పు జరిగితే తప్పే అనాలి, గట్టిగా అనాలి. కానీ అన్నాక ఏంటి? కోపానికి ఒక ఫైల్ నంబరు లేకపోతే ఆఫీసులో ఎవడికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

సమత కేసు గురించి మనం ప్రతి ఆగస్టు 9కి స్పీచులు ఇస్తాం. 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకిచ్చిన మైనింగ్ లీజులు చెల్లవంది, అంతవరకే చెప్తాం. అంతకుముందు హైకోర్టులో ఓడిపోయారన్నది చెప్పం. అనంతగిరి మండలం, బొర్రా ఊళ్ల భూముల సంగతి అది. ఓడిన దగ్గర తిట్టుకుంటూ ఆగిపోయి ఉంటే ఆ తీర్పు ఉండేదా? ఎవరో కూర్చొని లీజు కాగితాలు, రికార్డులు పోగేశారు. ఆ పని గురించి ఎవరూ పాట కట్టరు.

ఇప్పుడు మా సంగతి. అక్క చెప్పాక చట్టం తెరిచాను. 60 రోజులు దాటినా, కమిటీ సరేనంటే ఇంకో 30 రోజులు ఇచ్చే వీలు 2012లో సవరించిన నిబంధనల్లో ఉంది. మేము వేసింది 83వ రోజు. ఆ మధ్యలో నేర్చుకున్నది నాలుగేళ్ల డిగ్రీలో నేర్చుకోలేదు. అర్జీదారు కాని పెద్దమనుషులు చెప్పిన మాట రాతలో పెడితే అదీ ఆధారమే. రాతి గట్టు ఆధారమే. బావి, సమాధులు, దేవర గుడి అన్నీ ఆధారాలే. ఉపగ్రహ చిత్రం వీటికి తోడుగా వాడొచ్చు గానీ వీటి బదులు కాదు. గ్రామసభ తీర్మానం అసంపూర్తిగా ఉంటే మళ్లీ గ్రామసభకే తిప్పి పంపాలి గానీ ఏకంగా కొట్టేయకూడదు. ఇవన్నీ మా గూడెంలో కళ్లముందే ఉన్నాయి. పాత ఫైల్లో మాత్రం ఒకే ఒక్క ఆధారం జతచేసి ఉంది. ఒకటి చాలదు, ఒకటికి మించి చూడాలని రూలే చెప్తుంది. తప్పు ఆఫీసుదే కాదు, ఆ ఫైలు కట్టిన మాదీ ఉంది. రాయడానికి సిగ్గుగానే ఉంది.

పక్కూరి ముసలాయన ఇద్దరు వచ్చి చెప్తుంటే నేను రాశాను. ఒకాయన ఆ గట్టు పోసిన ఏడు ఎద్దు చచ్చిపోయిందని గుర్తు చేసుకొని ఏడ్చాడు. వేలిముద్రలు వేయించాం, గట్టు ఫోటోలు తీశాం, గ్రామసభ తీర్మానం పెట్టాం, ఆలస్యానికి కారణం రాశాం. తీసుకోమన్నారు మొదట. రూల్ నంబరు చూపిస్తే తీసుకున్నారు, స్టాంపు వేసి రసీదు ఇచ్చారు. ఇంకా తేలలేదు. ఓడిపోవచ్చు కూడా. నా పోస్టు వల్ల పోయిన రోజుల్ని ఆ కమిటీ మన్నించకపోతే అది పెదనాన్న నెత్తి మీదే పడుతుంది.

"ఆఫీసు చేయాల్సిన పని మనమెందుకు చేయాలి అన్నా, జీతం వాళ్లకి, చాకిరీ మనకా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 2019 ఫిబ్రవరి 13 గుర్తుందా? క్లెయిము తిరస్కరించినోళ్లని అడవి నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆర్డరు. అదే నెల 28న ఆపారు కాబట్టి సరిపోయింది. ఆపి రాష్ట్రాల్ని అడిగింది ఏంటి? తిరస్కరించేటప్పుడు పద్ధతి పాటించారా లేదా అని. పద్ధతి పాటించలేదని చూపించాలంటే మన చేతిలో కాగితం ఉండాలి. తేదీ ఉండాలి. "అన్యాయం" అన్న మాట ఒక్కటీ పనికిరాదక్కడ. పైగా రసీదు తీసుకున్నాక పెట్టే పోస్టుకి పళ్లుంటాయి. ఫలానా తేదీన ఇచ్చాం, ఇన్ని రోజులైంది, ఎవరి బల్ల మీద ఉంది అని అడిగి చూడండి, జవాబు చెప్పక తప్పదు.

మా గూడెంలో ఇంకా పదకొండు ఇళ్లకి తిరస్కరించారు. నలుగురికే కాగితం ఇచ్చారు, మిగతా ఏడుగురికి నోటి మాట. కారణం రాతలో ఇవ్వమని ఆ ఏడుగురి తరఫున సమాచార హక్కు దరఖాస్తులు వేస్తున్నాం. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. సెలవులకి వచ్చేవాళ్లు రండి, హద్దులు నడవాలి, పెద్దోళ్ల మాటలు రాసుకోవాలి. చేతిరాత బాగున్నోళ్లు ఇద్దరు కావాలి. నాది కోడిగీతలు, పెదనాన్న కూడా నవ్వాడు. తిండి మా ఇంట్లోనే. చెప్పులతో రాకండి, వానకి జలగలు ఎక్కువ.