విత్తనపు గింజలు వండుకు తింటామా?

టోర్నమెంటు రాగానే మన జట్టుకి బయటి నుంచి పేరున్న ఆటగాణ్ణి తెద్దామంటాం. ఫస్టియర్ పిల్లలు బంతులందిస్తూ కూచుంటారు. దీని ఫలితమేమిటో అమెరికా బాస్కెట్‌బాల్‌లో చూద్దాం.

అక్కడి ఎన్.బి.ఏ.లో ఏటా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతుల్లో ఓడిన జట్లకే మొగ్గు. కావాలని ఓడకుండా ఆ వంతులకు లాటరీ తీస్తారు. అట్టడుగు జట్టుకు మొదటి వంతు దక్కే అవకాశం 2017లో నూటికి 25. 2019లో దాన్ని 14కు తగ్గించారు. వంతుల్ని జట్లు ఇచ్చి పుచ్చుకోవచ్చు కూడా.

2013లో బ్రూక్లిన్ జట్టు వయసు మీదపడిన గార్నెట్, పియర్స్‌ల కోసం రాబోయే ఏళ్ల వంతులు బోస్టన్‌కు ధారపోసింది. 2017లో 82 ఆటల్లో 20 మాత్రమే గెలిచి అట్టడుగున పడింది. లాటరీలో మొదటి వంతూ తగిలింది. కానీ అది బోస్టన్ పాలు! ఆ వంతుల పుణ్యాన దొరికిన బ్రౌన్, టేటమ్‌లతోనే బోస్టన్ 2024లో ఛాంపియన్ అయింది.

విత్తనాలకు పండుగ చేసే కోయపల్లెల పక్కన చదువుకునే మనకు వేరే చెప్పాలా? లాటరీ మన చేతిలో లేదు; విత్తనం ఉంది. ఈసారి ఫస్టియర్ వాళ్లను, భద్రాచలం వైపు హాస్టళ్ల పిల్లలను ఆడిద్దాం. ఒక ఏడు ఓడినా సరే!