పాచి లెక్క

పాచి ముఖం కడుక్కోనిదే మంచినీళ్లు కూడా ముట్టని ఇల్లు మాది. వేపపుల్ల నమిలి, దాన్నే రెండుగా చీల్చి నాలుక గీసుకున్న రోజులు నాకింకా గుర్తే. పాచి అంటే పోవాల్సిన మురికి, అంతే. అందుకే అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న మా చెల్లెలి కూతురు, నోట్లో బతికే బాక్టీరియాకు కంప్యూటర్‌లో నమూనా కడుతున్నానని ఫోన్లో చెబితే మా అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "కడిగేసుకుంటే పోయేదానికి అయిదేళ్ల చదువెందుకే తల్లీ?" అంది. ఆ ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది కనుక ఈ వారం దాని గురించే.

మనుషుల నోళ్లలో కనిపించే బాక్టీరియా జాతులు దాదాపు 700. అవి ఎలా పడితే అలా కలిసిపోయి ఉండవు. మసాచుసెట్స్‌లో వుడ్స్ హోల్‌కు చెందిన జెస్సికా మార్క్ వెల్చ్, ఫోర్సిత్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన గ్యారీ బోరిసీ బృందం పంటి పాచిలోని జాతులను వేర్వేరు రంగుల్లో వెలిగేలా చేసి మైక్రోస్కోపులో చూసి, 2016లో ఆ వివరాలు ప్రచురించింది. కొరినీబాక్టీరియం పొడుగాటి పోగులుగా, ముళ్లపంది ముళ్లలా నిక్కబొడుచుకుని ఉంది. పోగుల కొసల చుట్టూ స్ట్రెప్టోకాకస్ కణాలు కంకికి మొక్కజొన్న గింజల్లా పట్టుకుని ఉన్నాయి. బయటివి ఆక్సిజన్‌ను వాడేసుకుంటే, గాలి గిట్టనివి లోపల బతుకుతాయి. స్ట్రెప్టోకాకస్ వదిలే లాక్టిక్ ఆమ్లమే వీలొనెల్లా అనే మరో బాక్టీరియాకు తిండి. ఒక ఊరు ఊరంతా ఇచ్చిపుచ్చుకోవడం మీద నడుస్తోంది.

ఆ ఊళ్లో చిగుళ్లను పాడుచేసే దుష్టుల్లో ముఖ్యమైనది పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్. దానికి పంచదారతో పెద్దగా పనిలేదు. అమైనో ఆమ్లాలు తిని బతుకుతుంది. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో దాని జన్యువుల సమాచారం, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు దగ్గర పెట్టుకుని 679 రసాయన చర్యలతో ఒక గణిత నమూనా కట్టారు. అది జమాఖర్చుల పుస్తకం లాంటిదే. లోపలికి వచ్చిన పదార్థమంతా కణం పెరగడానికో, బయటికి వదలడానికో ఖర్చు రాయాలి, లెక్క సరిపోవాలి. తర్వాత ఒక్కో చర్యనూ కంప్యూటర్‌లో ఆపి, ఆ బాక్టీరియా పెరుగుతుందా ఆగుతుందా అని చూశారు. దాని పైపొర తయారీలో మందు తగిలే వీలున్న చోట్లు ఎనిమిది తేలాయి. వాటిలో ఒకటి అప్పటికే ప్రయోగంలో రుజువైంది.

అన్నిటినీ ఒకేసారి చంపేస్తే పోదా? పోదు. తోటకూర, పాలకూరలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చేది నాలుక మీది బాక్టీరియానే. ఆ నైట్రైట్ ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను వదులు చేస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌తో ఆ బాక్టీరియాను తుడిచిపెడితే బీపీ కాస్త పెరిగినట్టు కొన్ని అధ్యయనాల్లో కనబడింది. పళ్లు తోముకోవాల్సిందే. మందు మాత్రం ఎవరి మీద వేస్తున్నామో తెలిసి వేయాలి.

ముందు లెక్క, తర్వాతే మందు. ఈ మాటకు మన భీమవరం బిడ్డే సాక్షి. 1923లో బోస్టన్ చేరిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరు మొదట వినబడింది ఏ మందుతోనూ కాదు, 1925లో తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి రూపొందించిన, ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతితో. ఆ కొలతే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని పట్టిచ్చింది. లెడర్లీ మందుల సంస్థలో ఆయన నాయకత్వంలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లోకానికి తెలిసింది 1948లో, అంటే పాతికేళ్లకు. పళ్ల పరిశోధనకు అమెరికా ప్రభుత్వం జాతీయ సంస్థ పెట్టిందీ ఆ ఏడాదే.

అంత ఓపిక ఉన్న దేశంలోనే 2025లో పరిశోధన నిధులకు కత్తెర పడింది. ప్రయోగశాలల నిర్వహణకిచ్చే పరోక్ష ఖర్చులు 15 శాతం దాటకూడదని ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రకటించింది. మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టు దాన్ని అడ్డుకుంది. అయినా నిధులు ఎప్పుడు ఆగుతాయోనన్న భయం మధ్య చదువుతున్న పిల్లలకు ఇంటి నుంచి కూడా తొందరపాటు తగలకూడదని నా మనవి.

కిరాణా కొట్టు చిట్టా ముప్పై ఏళ్లు రాసిన మా అమ్మకు ఈ జమాఖర్చుల సంగతే చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఏ పద్దు కొట్టేస్తే అది ఆకలికి చస్తుందో వెతుకుతోందన్నమాట" అంది. అంతే. మీ పిల్లలు ఇలాంటి చదువుల్లో ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఎప్పుడవుతుందని అడక్కండి. ఏ పద్దు దగ్గరున్నావని అడగండి.